రాజక్క గోలీల సంచి

పోయిన వారం కొమురెల్లిని కరీంనగర్ ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద వదిలిపెట్టి వచ్చాం. ఈ కథను కొత్తగా అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్లు కాసేపు ఓపిక పట్టాలి.

కొమురెల్లిది మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయి కార్మికవాడ. ముప్పై రెండేళ్లు బాయిలో దిగి పనిచేసి, రిటైరయ్యాక తీరిగ్గా బీడీల మీద బీడీలు కాల్చి, కుడి తొడలోని రక్తనాళం పూడ్చుకున్నాడు. నిరుడు డాక్టర్లు ఆ నాళంలో సన్నని జాలీ గొట్టం, అదే స్టెంట్, పెట్టి రక్తానికి దారి చేశారు. పదకొండు నెలలు మనిషి కాలు నిలవకుండా ఊరంతా తిరిగాడు. నెల రోజులుగా మాత్రం జ్వరం వస్తోంది, పోతోంది. వాడకట్టులో ఒకరు డెంగీ అన్నారు, ఒకరు టైఫాయిడ్ అన్నారు. పరీక్షల్లో రెండూ లేవు. రక్తనాళాల డాక్టరు భవ్యశ్రీ మాత్రం అతని పాదాలు రెండూ పక్కపక్కన పెట్టించి, ఎర్రచుక్కలు కుడి పాదం మీదే ఉన్నాయని కనిపెట్టింది. డెంగీ కుడికాలో ఎడమకాలో చూసుకుని రాదు. తొడలోని స్టెంటుకు ఇన్‌ఫెక్షన్ పట్టిందని, అక్కడి చెత్తే రక్తంలో కొట్టుకొచ్చి పాదంలో చుక్కలుగా తేలుతోందని ఆమె అనుమానం.

అనుమానం సరే, రుజువేది? స్కాన్‌లో స్టెంట్ చుట్టూ ఏదో మసక కనిపించింది. అది చీము పట్టడమో, పాత వాపో తేలలేదు. రక్తాన్ని సీసాల్లో పోసి, అందులో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్ష మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఏమీ పెరగలేదు. పెద్ద డాక్టరు శ్యాంసుందర్ బుధవారం సాయంత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ ఏమీ దొరక్కపోతే ఇంటికి పంపిద్దాం. అనుమానం మీద తొడ కోయలేం కదమ్మా” అన్నారు. ఇంటికి పంపితే ఏమవుతుందో భవ్యశ్రీకి తెలుసు. నాళం గోడ మెత్తబడి, ఏదో ఒకరోజు కొమురెల్లి అన్నం ముందు కూర్చున్నప్పుడు పగులుతుంది. కాలు పోతుంది. కాలు ఒక్కటే పోతే అదృష్టమనుకోవాలి.

ఇప్పుడు గురువారం ఉదయం ఆరున్నర.

మామూలుగా భవ్యశ్రీ రౌండ్స్ తొమ్మిదింటికి. ఆ రోజు నిద్ర పట్టక, ఇంట్లో ఉండలేక, టీ కప్పు చేత్తో పట్టుకుని పొద్దున్నే వార్డుకు వచ్చేసింది. తెల్లకోటు కూడా వేసుకోలేదు. అందుకే ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

కిటికీ పక్క మంచం దగ్గర పని జోరుగా సాగుతోంది. కొమురెల్లి భార్య రాజక్క కొంగు నడుముకు బిగించి, మొగుడి గడ్డం గీయడం అప్పుడే ముగించింది. తలకు కొబ్బరినూనె రాసి, పక్కపాపిడి తీసి దువ్వింది. మెడకు పౌడరు అద్దింది. ఇస్త్రీ చొక్కా తొడిగి పైగుండీ దాకా పెట్టింది. సీసాలోంచి చల్లటి మజ్జిగ గ్లాసులోకి వంపింది. కొమురెల్లి ఇదంతా తనకు కాదన్నట్టు కిటికీలోంచి బస్సులను లెక్కపెడుతున్నాడు.

“ఇటు చూడు. కండ్లు గట్ల ఏలాడేసుకోకు. డాక్టరమ్మ వచ్చినంక నవ్వుకుంట మాట్లాడాలె” అంది రాజక్క.

“నవ్వనీకి నాకేం పెండ్లి సూపులా?”

“పెండ్లి సూపులప్పుడు సుత నువ్వు నవ్వలే. అందుకే చెప్తున్న.”

భవ్యశ్రీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. పక్కపాపిడి, పౌడరు, పైగుండీ, చల్లటి మజ్జిగ... ఈ వరస ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, బెల్లంపల్లిలో, తన ఇంట్లోనే చూసింది. ఏడాదికోసారి, నాన్నకు కంపెనీ దవాఖానలో మెడికల్ పరీక్ష ఉన్న రోజు పొద్దున, అమ్మ ఇదే వరసలో నాన్నను తయారుచేసేది. ఆ వరసలో మజ్జిగ తర్వాత ఇంకొకటి ఉండేది. అది గుర్తొచ్చేసరికి భవ్యశ్రీ టీ కప్పు పక్కన పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే రాజక్క అటూ ఇటూ చూసి, నడుముకు దోపుకున్న వక్కల సంచి బయటికి తీసింది. మూతికి కట్టిన తాడు విప్పింది. రెండు వేళ్లు లోపలికి పోయి, ఎర్రదీ పసుపుదీ రెండు రంగుల గోలీ ఒకటి పట్టుకుని బయటికి వచ్చాయి.

“పెద్దమ్మా,” అంది భవ్యశ్రీ. “పెద్దబాపు మెడికల్‌కు పోతుండా?”

రాజక్క చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ముందు ఆమెకు ఆ గొంతు డాక్టరుదని తెలియలేదు. తెలిశాక గోలీ సంచిలో వేయాలో, మొగుడి నోట్లో వేయాలో, తన నోట్లోనే వేసుకోవాలో తెలియలేదు.

“వక్క బిడ్డా. వక్క నములుతడని...” అంది.

“ఎర్రవక్క, పసుపువక్క ఏ దుకాణంల దొరుకుతుందే పెద్దమ్మా? నాకు సుత కావాలె.”

కొమురెల్లి పకపకా నవ్వాడు. నవ్వి, అప్పుడు భార్య ముఖం చూసి, నవ్వడం తప్పయిందని నోరు మూసుకున్నాడు.

భవ్యశ్రీ మంచం అంచున కూర్చుని చెయ్యి చాపింది. అడగలేదు, గద్దించలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంచింది. రాజక్క కాసేపు ఆ చేతిని చూసి, సంచి మొత్తం అందులో పెట్టింది.

దుప్పటి మీద గుమ్మరిస్తే వక్కలు పిడికెడు, గోలీలు దోసెడు రాలాయి. భవ్యశ్రీ ఒక్కొక్కటి చూపుతూ అడిగింది. రాజక్క దాచకుండా చెప్పింది. ఇవి జ్వరానివి. ఇవి నిరుడు స్టెంట్ వేసినప్పుడు మిగిలినవి. ఇవి పక్కింటి మహేశ్వరి పన్ను పీకించుకున్నప్పుడు తెచ్చి, రెండు మింగి మానేసినవి. ఇవి కోడలికి దగ్గు వచ్చినప్పటివి.

“గిదేంది?” అంది భవ్యశ్రీ, చిన్న తెల్ల గోలీ ఒకటి ఎత్తి.

“గది... మా పుంజుకు తెల్లరెట్ట వట్టినప్పుడు తెచ్చిన.”

“పెద్దబాపుకు ఇచ్చినవా?”

“సగమే ఇచ్చిన బిడ్డా.”

“అందుకేనా నాకు ఓనాడు పొద్దుగాల నాలుగ్గంటలకే మెలకువచ్చింది?” అన్నాడు కొమురెల్లి.

“నువ్వు ఊకో!” అంది రాజక్క. ఆ తిట్టులో బలం లేదు. కళ్లలో అప్పటికే నీళ్లు నిండుతున్నాయి.

భవ్యశ్రీకి కోపం రావాలి. రాలేదు. నెల రోజులు తనను, శ్యాంసుందర్‌ను, కింద ల్యాబులో ఓంప్రకాశ్‌ను ముప్పుతిప్పలు పెట్టిన దొంగ ఈ వక్కల సంచిలో దొరికినందుకు ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఎదురుగా ఏడవబోతున్న మనిషి ముందు గంతేయడం బాగుండదు.

“ఎన్ని దినాల సంది ఇస్తున్నవ్ పెద్దమ్మా?”

“రోజూ కాదు బిడ్డా. నీ దగ్గరికి తోలుకొచ్చిన నాడు పొద్దుగాల. ఈ దవాఖానల జేరినంక తెల్లారి ఓటి, మాపు ఓటి. జ్వరంతోని ముంగట నిలవెడితే ఏం బాగుంటది? ముప్పై రెండేండ్లు గట్లనే పంపిన. మెడికల్ ఉన్న నాడు తుమ్ము రానియ్యలే, దగ్గు రానియ్యలే. అన్‌ఫిట్ అని రాస్తే బాయిల కెల్లి దీసి పైన కూసోవెడుతరు. గీ మనిషి పైన కూసోని బతుకుతడా? ఒక్కపారి గూడ అన్‌ఫిట్ రాలే. అడుగు, కావాలంటే!”

చివరి మాటలో గర్వం దాగలేదు. దాగాల్సిన పని కూడా లేదు. ముప్పై రెండేళ్ల మెడికల్ రిపోర్టుల మీద డాక్టర్ల సంతకాలుండొచ్చు గానీ, పని మాత్రం రాజక్కదే.

“మా అవ్వ సుత గంతే,” అంది భవ్యశ్రీ, తల్లిని తలచుకుని. “మా బాపు బెల్లంపల్లిల బాయిపనే చేసిండు. ఓపారి జ్వరముంటే మా అవ్వ ఫ్రిజ్ నీళ్లు కలిపిన మజ్జిగ రెండు చెంబులు తాగిచ్చి పంపింది. గాడ నర్సమ్మ నోట్లె జ్వరం పుల్ల పెడితే పాదరసం ఎక్కనే లేదంట. ‘గీయన బతికే ఉన్నడా’ అని డాక్టర్ నాడి వట్టి చూసిండంట.”

రాజక్క ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

“గని పెద్దమ్మా, గిది మెడికల్ కాదు. ఈడ ఫిట్ అయితే నష్టం. నేను రక్తం సీసాల వోసి, వెచ్చగ పెట్టి, పురుగు పెరుగుతదా అని కాపలా కాస్త. నీ గోలీ గా పురుగును చంపదు. సోయి తప్పిస్తది. నా సీసాల అది లెవ్వదు. లెవ్వకపోతే పురుగే లేదని రాస్తరు. తొడల ఉన్నది మాత్రం జాలీని వట్టుకొని ఆడనే కూసుంటది.”

కొమురెల్లి మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. అతని ముఖంలో మొదటిసారి ఆట పోయింది.

“గట్లనా,” అన్నాడు. “మా బాయిల ఓపారి పాత పనిజాగల బొగ్గుకు నిప్పంటింది. గోడ గట్టి మూసిండ్రు. పొగ బంద్ అయింది. అందరం ఆరిందనుకున్నం. ఆర్నెల్లకు నేనే గా గోడ మీద చెయ్యి వెట్టిన. చెయ్యి కాలింది.” అని, రాజక్క వైపు తిరిగి, “నా తొడల గదే ఉన్నదే” అన్నాడు.

ఇక రాజక్క ఆగలేదు. వార్డంతా వినిపించేలా ఏడ్చింది. “నా చేతులతోనే చేసిన. బలం గోలీ అని చెప్పి మింగిచ్చిన. నీ కాలు వోతే నేనేం జెయ్యాలె!” అంది. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. భవ్యశ్రీ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“తప్పు నాది సుత ఉన్నది. ఏమన్న మందులు వాడుతున్నవా అని నాలుగుసార్లు అడిగిన. పెద్దబాపునే అడిగిన. మందులు నీ నడుముకున్నయని నాకు తట్టలే. నేను బాయి మనిషి బిడ్డనై ఉండి తట్టలేదంటే సిగ్గుచేటు. ఇగ ఏడుపు బంద్ చెయ్. నీకు పనున్నది.”

ఆ పని వింటే రాజక్కకు నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లూ జ్వరాన్ని దాచిన మనిషి ఇప్పుడు జ్వరాన్ని పట్టివ్వాలట. గోలీలన్నీ బంద్. చల్లమజ్జిగ బంద్. చలి మొదలైన మరుక్షణం, జ్వరం పైకెక్కే ముందే, నర్సు ప్రవళికను పిలవాలి. రక్తం తీసేది అప్పుడే. కాలు ఉబ్బినా, మనిషి మగతగా ఉన్నా, జ్వరం లేకపోయినా సరే పిలవాలి. అలాంటిదేమైనా జరిగితే భవ్యశ్రీ పరీక్ష కోసం ఆగదు, మందు మొదలుపెట్టేస్తుంది. శ్యాంసుందర్‌కు ఫోన్ చేసి సంచి కథ చెబితే ఆయన చాలాసేపు నవ్వి, సోమవారం దాకా గడువిచ్చారు.

శుక్రవారం జ్వరం రాలేదు. రాజక్క థర్మామీటర్ పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది. గంటకోసారి మొగుడి చంకలో పెట్టి చూసి పెదవి విరిచింది. కొమురెల్లి, “నా జ్వరం కోసం ఇంత ఎదురుసూస్తున్నవ్, నా కోసం ఎన్నడన్న చూసినవా?” అన్నాడు. ఆమె మళ్లీ థర్మామీటర్ విదిలించింది. రాత్రి భోజనం ముందు కూడా అంతే. ఆమెకు భయం పట్టుకుంది. జ్వరం వస్తే భయం, రాకపోతే అంతకంటే భయం. నెల రోజుల్లో మొదటిసారి ఆమెకు తను ఏం కోరుకోవాలో తెలియకుండా పోయింది.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు అన్నం తింటున్న కొమురెల్లి ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. పళ్లు టకటకలాడాయి.

రాజక్క నర్సు గంట నొక్కలేదు. గంట సంగతే మరిచిపోయింది. వరండాలో పడి పరుగెత్తుతూ, “వచ్చింది! బిడ్డా, వచ్చింది! చలి వచ్చింది!” అని అరిచింది. ఆ అరుపులో సంబరం విని, ప్రసూతి వార్డుకు వచ్చి దారి తప్పినవాళ్లెవరో “ఆడపిల్లా, మగపిల్లాడా?” అని అడిగారట. ప్రవళిక సీసాలతో పరుగున వచ్చింది. ఎడమ చేతిలోంచి ఒకసారి, కుడి చేతిలోంచి ఒకసారి, కాసేపాగి ఇంకోసారి రక్తం తీసింది. తీయడం అయ్యాకే భవ్యశ్రీ నరంలోకి మందు మొదలుపెట్టించింది. అప్పటిదాకా గట్టిగా నిలబడ్డ రాజక్క, మొగుడి మీద రెండు దుప్పట్లు కప్పి, వణుకుతున్న ఆ కాళ్లను గుండెకు హత్తుకుని కూర్చుంది. చుక్కలున్న కుడి పాదాన్ని కూడా.

ఆదివారం పొద్దున ల్యాబు నుంచి ఓంప్రకాశ్ ఫోన్ చేయలేదు. మూడంతస్తులు ఎక్కి తనే వచ్చాడు. పద్దెనిమిది గంటలకే మిషన్ మోగిందని, సీసాలన్నిట్లో పెరిగిందని, మైక్రోస్కోపు కింద గుత్తులు గుత్తులుగా ఉందని ఆయాసపడుతూ చెప్పాడు. సోమవారానికి పేరు కూడా తేలింది. స్టఫైలోకాకస్, డాక్టర్లు పొట్టిగా స్టాఫ్ అంటారు. మామూలుగా మన చర్మం మీద తిరిగే సూక్ష్మజీవే. రక్తంలో దిగి స్టెంటును పట్టుకుంటే మాత్రం వదలదు. దాన్ని ఏ మందు చంపుతుందో కూడా రిపోర్టులో ఉంది. అదే రోజు మళ్లీ స్కాన్ తీశారు. ఆ పాత మసక ఇప్పుడు బొటనవేలంత బుడగయింది. శ్యాంసుందర్ ఆ బొమ్మను చాలాసేపు చూసి, “నేను మార్చాల్సింది కళ్లద్దాలేనంటావా, ఇంకేమైనా ఉందంటావా?” అన్నారు. భవ్యశ్రీ నవ్వింది. బుధవారం ఆపరేషన్ అని ఖాయం చేశారు.

ఆపరేషన్ ఏమిటో భవ్యశ్రీ వాళ్లకు తన వేలితో కొమురెల్లి తొడ మీదే గీసి చెప్పింది. స్టెంటును, అది పాడుచేసిన నాళం ముక్కను తీసేయాలి. ఆ ఖాళీ దాటించి రక్తానికి కొత్త దారి వేయాలి.

“ప్లాస్టిక్ గొట్టం వేస్తే పురుగు దాన్ని సుత వట్టుకుంటది. సొంత నరం అయితే కొట్లాడుతది. కుడికాలు నరం వాపుల నాని ఉన్నది, పనికి రాదు. ఎడమకాలుల చీలమండ కాడికెల్లి గజ్జల దాక ఓ పొడుగు నరముంటది. అది దీసి ఈడ కుడుత. అది లేకున్నా గా కాలుకు ఫరక్ వడది. తర్వాత ఆరు వారాలు సూదులు.”

“కాలు ఉంటదా డాక్టరమ్మా?” అన్నాడు కొమురెల్లి. ఇన్నాళ్లలో అతను ఆ మాట అడగడం ఇదే మొదలు.

“గా నరం మంచిగుంటే ఉంటది. ఫికర్ చెయ్యకు.”

అతను ఎడమకాలు మీదికి దుప్పటి లాక్కున్నాడు. భయపడుతున్నాడనుకుంది భవ్యశ్రీ.

మధ్యాహ్నం ఎడమకాలు స్కాన్. నరం ఎంత లావుందో కొలిచి, చర్మం మీద పెన్నుతో గీత గీసుకోవడానికి. “బయట కూసోరాదే” అన్నాడు కొమురెల్లి. “ఇగ నీ ఎంబడి లేకుంట ఒక్క పరీక్ష సుత కానియ్య” అని రాజక్క అతని చొక్కా చేతిమీద వేసుకుని లోపలికి వచ్చింది. ముఖం కళకళలాడుతోంది. జ్వరాన్ని పట్టిచ్చిన మనిషి కదా, వార్డులో ఇప్పుడు ఆమె మాటే చెల్లుతోంది.

భవ్యశ్రీ చల్లటి జెల్లీ రాసి, మిషన్ చేతిపిడిని చీలమండ దగ్గర ఆనించింది. మెల్లగా పైకి జరిపింది. పిక్క దాటింది. మోకాలు దాటింది. గజ్జల దాకా వెళ్లి, ఆగి, మళ్లీ కిందికి వచ్చింది. ఇంకోసారి పైకి వెళ్లింది.

ఆమె చేతిపిడి పక్కన పెట్టి, గుడ్డతో జెల్లీ తుడిచి, చీలమండ మీదికి వంగింది. కొమురెల్లి కాళ్ల నిండా గాయాల మచ్చలే. బాయిలో గీసుకున్నప్పుడు బొగ్గుపొడి చర్మంలో ఉండిపోయి, ఏళ్లు గడిచినా నీలంగా కనిపించే మచ్చలు. ఆమె తండ్రి కాళ్ల మీద కూడా ఉండేవి. వాటి నడుమ ఒకే ఒక్కటి, వేలి గోరంత, తెల్లగా ఉంది. గజ్జల దగ్గర అలాంటిదే ఇంకొకటి. బొగ్గు తగలని గాయాలు. శుభ్రమైన కత్తి చేసినవి.

“పెద్దబాపూ,” అంది నెమ్మదిగా. “ఈ కాలుల నరం లేదు. ఎవరో దీసిండ్రు. ఎప్పుడు?”

కొమురెల్లి పైన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

రాజక్క నవ్వేసింది. “నీ మిషన్ ఖరాబయింది బిడ్డా. పెండ్లయిన కాడికెల్లి గీ మనిషి మీద కత్తి వడలే. వడితే నాకు తెల్వదా? ముప్పై రెండేండ్లు ఫిట్ జేసి పంపిన దాన్ని నేను!”

ఎవరూ నవ్వలేదు. ఆమె డాక్టరు వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు. చేతిమీది చొక్కా జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

“మిషన్ మంచిగనే ఉన్నదే,” అన్నాడు కొమురెల్లి, ఫ్యాన్ మీంచి చూపు దించకుండానే. “నువ్వు జర గా స్టూలు మీద కూసో.”